పాపెర గురించి నేను చెప్పని మాట

మత్స్యశాఖలో ఫీల్డ్‌మ్యాన్ ఉద్యోగమంటే చేపల ఉద్యోగం అనుకుని వస్తారు. కాదు. అది నీళ్ల పక్కన నిలబడే ఉద్యోగం. నిలబడి చూడాలి. చూసింది పై సారుకు చెప్పాలి. దాన్ని ఆయన చెబుతాడు, లోకం ఆయన మాటగా వింటుంది. ఈ మూడో సంగతి మీకు ట్రైనింగులో చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాతి చదువంతా నా సొంతం. ఆఫీసు బీరువాలో చెదలు తినగా మిగిలిన పుస్తకాలు, కిరాణా పొట్లాల కాగితాలు, ఒక పాత డిక్షనరీ, ఇవే నా పంతుళ్లు. ఇంగ్లీషు అక్షరాలు చేపల బొమ్మల కింద చూసి నేర్చుకున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. డిగ్రీ ఉన్నవాణ్ణి చూస్తే నా కడుపు ఎందుకు మండేదో మీకు ముందే తెలియాలని చెబుతున్నాను. ఈ రాతలో అసూయ చాలా ఉంటుంది. వయసు మీద పడ్డాక అది తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు.

ప్రమోషన్లు, బదిలీలు, పించను కాగితాల గురించి రాయను. అవి అందరివీ ఒకలాగే ఉంటాయి. ఒక చేప గురించి రాస్తాను.

చెయ్యి కోసుకున్న రోజు

ఎనభైల మొదట్లో ఆర్మూర్‌లో మా ఆఫీసు రెండు గదులు. మార్కెట్ యార్డు వెనకాలే. పసుపు దిగే రోజుల్లో కిటికీ తీస్తే బల్లలు, ఫైళ్లు, మంచినీళ్ల కుండ మీది మూత, అన్నీ పచ్చబడేవి. అప్పటి మా సారు చెడ్డవాడు కాదు, నీళ్లలో కాలు పెట్టనివాడు. ఆయనకు బొచ్చె, రవ్వు, బంగారుతీగ లెక్క చాలు. మిగతా చేపలన్నీ ఫారంలో చివరి గడిలో ‘ఇతరములు’. పాపెర ఆ ఇతరముల్లో ఒకటి.

నందిపేట్ దాటి గోదావరి వైపు పోతే ప్రాజెక్టు నీళ్లు ఊళ్ల అంచుదాకా వచ్చి నిలబడతాయి. అక్కడ వల వేసే లింబాద్రి నాకంటే పదేళ్లు పెద్ద. నేను మొదటిసారి పోయిన రోజున అతను వల ఎత్తితే అందులో మూరెడు పొడుగున ఏదో మెలికలు తిరుగుతోంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

“పాము గాదు తమ్మీ, పాపెర” అన్నాడు లింబాద్రి. “సార్లందరు గిట్లనే. నీళ్లల్ల చూస్తే పామంటరు, గిన్నెల చూస్తే చేపంటరు.”

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. నాకు రోషం వచ్చింది. చెయ్యి పెట్టి నడుము దగ్గర గట్టిగా పట్టుకున్నాను. అది ముందుకు గుంజుకుంటుందనుకున్నాను. వెనక్కి జారింది. అరచేతిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రంపంతో గీసినట్టయింది.

“గట్ల నడుమ పడ్తరా?” లింబాద్రి నా చెయ్యి లాక్కుని నీళ్లలో ముంచాడు. “ముందుకు ఉరుకుడు దానికి తెల్వది. ఎనుకకు జారుతది. జారుకుంట ముండ్లు లేపుతది. తలకాయ ఎనుక రెండేళ్ల సందున పట్టాలె, తోకను ఇడిసిపెట్టాలె. తోక ఏం జెయ్యది, ఊకె ఆడుతది.”

అతని భార్య రాజవ్వ ఇంట్లోంచి పసుపు తెచ్చి అద్దింది. “సర్కారు జీతగాడు గదా, గీ ముండ్లకు గూడ దరఖాస్తు పెట్టుకోవాల్నేమో” అంది. ఆ గీత మచ్చ ఇప్పటికీ నా కుడి అరచేతిలో ఉంది. నా ఉద్యోగంలో నాకు దక్కిన సర్టిఫికెట్ అదొక్కటే.

పాపెర ఎట్లా ఉంటుంది

కోస్తా వైపు దీన్ని బొమ్మిడాయి అంటారు. మాకు పాపెర. ఒళ్లు పాములా పొడుగు, కానీ పాములా గుండ్రం కాదు. రెండు పక్కల నుంచి కొంచెం నొక్కినట్టుంటుంది. పొలుసు ఉందా లేదా అన్నంత సన్నం. గోధుమ రంగు ఒంటి మీద ముదురు చారలు మెలికలుగా పోతాయి, తడి ఇసుక మీద ఎవరో కర్రతో అటూ ఇటూ గీసినట్టు. వీపు మీద ముందు సగం పొడుగునా విడివిడి ముళ్లు, ముప్పై పైచిలుకు. దేనికదే లేస్తుంది, దేనికదే పడుకుంటుంది. వెనక సగంలో మెత్తటి రెక్క మొదలై తోకను చుట్టి కడుపు కిందికి కలిసిపోతుంది.

అసలు చూడవలసింది మూతి. ముందుకు సాగి, చివర మూడు కండ మొనలుగా ఉంటుంది. పక్క రెండూ ముక్కు గొట్టాలు, నడుమది తడిమి చూసుకునే వేలు లాంటిది. అది కళ్లతో కంటే ఆ మూతితోనే లోకాన్ని చూస్తుంది.

పగలు కనబడదు. ఇసుకలోకో, మెత్తటి అడుసులోకో, రాళ్ల సందుల్లోకో దూరి మూతి మాత్రం బయట పెట్టుకుని ఉంటుంది. చలికాలంలో నీళ్లు తేటపడ్డాక లింబాద్రి నన్ను మోకాటి లోతులో నిలబెట్టాడు. “కదలకు. ఇసుకల చూడు. రెండు సన్నపు బుడిపెలు కనబడ్తున్నయా?” అన్నాడు. పావుగంట చూస్తే కనబడ్డాయి. ఒకసారి కనబడ్డాక నా కాళ్ల చుట్టూ నాలుగు కనబడ్డాయి. అప్పుడు కలిగిన సంతోషాన్ని దేనితో పోల్చాలో నాకు తెలియదు, పోల్చను.

పొద్దు గూకాక బయటికి వస్తుంది. ఎర్రలు, నీటి పురుగులు, సన్న రొయ్యలు, అప్పుడే పుట్టిన చేప పిల్లలు, ఇవి దాని తిండి. వానలు పడ్డాక నీటి మొక్కల వేళ్లకు జిగురు గుడ్లు అంటిస్తుంది. తడి గోనె సంచిలో చుడితే నీళ్లు లేకుండా కూడా చాలాసేపు ఓర్చుకుంటుంది. దాక్కునే చోటు లేకపోతే మాత్రం ఓర్చుకోదు. ఎక్కడో ఒక సందు వెతుక్కుని పోతుంది. నీళ్లు వదిలి అయినా పోతుంది.

ఈ చివరి సంగతి తప్ప ఇదంతా ఆరేడేళ్లు చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరూ రాయమనలేదు. ఇతరములు అన్న గడి మీద కోపంతో రాసుకున్నాను.

నీళ్లలో దిగిన సారు

ఎనభైలు ముగుస్తుండగా కొత్త సారు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, ఎమ్మెస్సీ. వచ్చిన మొదటి రోజే బూట్లు విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలో దిగాడు. పాత సారు దిగనందుకు తిట్టుకున్నవాణ్ణి, కొత్త సారు దిగినందుకూ తిట్టుకున్నాను. ఆ నీళ్లలో దిగే ఆఫీసు మనిషిని అప్పటిదాకా నేనొక్కణ్ణే.

అతను నన్ను ‘నర్సయ్య గారూ’ అనేవాడు. టీ తెప్పిస్తే రెండు కప్పులు తెప్పించేవాడు. చెడ్డ అధికారిని ద్వేషించడం తేలిక. మంచివాడి మీద కుళ్లుకోవడం చాలా కష్టమైన పని, మనిషిని తినేస్తుంది. నా నోటుబుక్కు చూసి పదిహేను రోజులకు అడిగి తీసుకున్నాడు. తిరిగి ఇచ్చేటప్పుడు ఖాకీ కాగితంతో అట్ట వేసి ఇచ్చాడు.

కొన్ని నెలలకు నిజామాబాద్‌లో మా శాఖ సమావేశం. చార్టులు నేనే మోశాను. తలుపు దగ్గర చివరి కుర్చీలో కూర్చున్నాను. సారు అరగంట పాపెర గురించి మాట్లాడాడు. ఇసుకలో మూతి, సాయంత్రపు తిండి, వేళ్లకు అంటిన గుడ్లు. నేను చూసినవన్నీ వరసగా వచ్చాయి. ప్రతి దానికీ ముందు ఒక మాట: “స్థానికుల కథనం ప్రకారం.”

స్థానికులు! ఇన్నేళ్లుగా జీతం తీసుకుంటూ ఆ శాఖలో పనిచేస్తున్న నేను స్థానికుణ్ణయ్యాను. చప్పట్లు కొట్టారు. పక్క సీటాయన నా మోకాలి మీద తట్టి, “మీ సారు మస్తు కష్టపడ్డడయ్యా” అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సారు అడిగాడు. “ఎలా ఉంది నర్సయ్య గారూ?”

“మంచిగుంది సార్.”

“మీ నోటుబుక్కు లేకపోతే ఇది లేదండీ.”

ఆ మాట మైకులో అంటే మైకు పగిలేదా? నేను అడగలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తర్వాత అదంతా చిన్న పుస్తకంగా వేస్తానన్నాడు, చేపలు పట్టేవాళ్లకు పంచడానికి. నాకు ఆశ పుట్టింది. అచ్చులో నా పేరు ఒక్కసారి చూసుకోవాలి, ఎంత చిన్న అక్షరాల్లోనైనా సరే. అప్పటికి ఈ భూమ్మీద నాకు కావలసింది అదొక్కటే. మార్కెట్ యార్డులో రైతు మేళా పెట్టిన వారం ప్రెస్సు నుంచి పుస్తకం నమూనా వచ్చింది. సారు గదిలో లేనప్పుడు మొదటి పేజీ నుంచి వెనక అట్ట దాకా రెండుసార్లు తిరగేశాను. అచ్చు వేసిన ప్రెస్సు పేరు ఉంది. నా పేరు లేదు. ప్రతి పేజీలోనూ స్థానికులు ఉన్నారు.

మార్కెట్ యార్డులో

మేళాలో అద్దాల పెట్టెలో బతికున్న పాపెరలు పెట్టి జనానికి చూపాలని సారు ఆలోచన. లింబాద్రి నాలుగింటిని పట్టి, మట్టి కుండలో ఇసుక పోసి, మీద తడి గోనె కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. సారు లేడు, ఏదో పని మీద నిజామాబాద్ పోయాడు. లింబాద్రి కుండ నాకు అప్పగించాడు.

“తమ్మీ, సారుకు యాదిమరవక చెప్పు. అద్దాల పెట్టెల జానెడు ఇసుక పొయ్యాలె. ఇసుక లేకుంటే అది ఉండది, పోతది. మీద మూత పెట్టాలె, మూత మీద బరువు పెట్టాలె. నాలుగు గూడ వానలకు గుడ్లు పెట్టే పెద్దయి. ఎల్లుండి వచ్చి తీస్కపోయి మళ్ల నీళ్లల్ల ఇడుస్త. పైలం.”

“నాకు తెల్వదా ఏంది?” అన్నాను.

“నీకు తెల్సు. సారుకు చెప్పుమంటున్న.”

మధ్యాహ్నం సారు వచ్చాడు. వాగు నుంచి నున్నటి గులకరాళ్లు తెప్పించి, కడిగించి, తనే చేత్తో పెట్టెలో పరిచాడు. “ఇసుక వేస్తే అందులో దూరి కూర్చుంటాయి, వచ్చినవాళ్లకు ఏం కనబడుతుంది?” అన్నాడు. అందులో తప్పేం లేదు, చూపించాలనుకునేవాడు అట్లాగే ఆలోచిస్తాడు. నీళ్లు పోశాడు. నాలుగూ గాజు వెంబడి పైకీ కిందికీ తిరుగుతున్నాయి. వాటి మూతులు మూలల్ని తడుముతున్నాయి. అవి ఏం వెతుకుతున్నాయో నాకు తెలుసు.

“అంతేనా నర్సయ్య గారూ? ఇంకేమైనా చెయ్యాలా?”

పక్కన బల్ల మీద పుస్తకం నమూనా ఉంది. దాన్ని చూశాను.

“మీకు తెల్వందేముంది సార్” అన్నాను.

పొద్దు గూకగానే షెడ్డు మూసి ఎవరిళ్లకు వాళ్లం పోయాం. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది. ఇన్నేళ్లయినా నాకు మింగుడు పడనిది అదే.

తెల్లారి నేను యార్డు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల కేకలు. పక్క షెడ్డులో పసుపు కుప్పలు. ఒక హమాలీ పార ఎత్తి కుప్పను కొడుతున్నాడు. “పాము! పసుపుల పాము!” బాల్కొండ వైపు నుంచి వచ్చిన రైతు నెత్తి పట్టుకున్నాడు. “అరే, నా కుప్పను ఎందుకు కొడ్తున్నవ్‌ రా! పాము దూరిన పసుపంటే ఎవడు తీస్కుంటడు!”

పార దెబ్బకు కొమ్ముల మధ్య నుంచి బయటపడింది. తల నుంచి తోక దాకా పసుపు అద్దుకుని, ఎండి, వంకర తిరిగిపోయి. ముళ్లన్నీ లేచి ఉన్నాయి. ఇంకొకటి కాటా కింద దొరికింది, అదీ చచ్చిపోయింది.

సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. జనాన్ని తప్పించి కుప్ప ముందు కూర్చున్నాడు. “పాము కాదన్నా, మా చేప. మీ సరుకుకు ఏమీ కాలేదు. తప్పు నాది. మూత పెట్టలేదు” అని ఆ రైతుకు అందరి ముందు చెప్పాడు. తర్వాత చచ్చిన చేపను తలకాయ వెనక రెండు వేళ్ల సందున పట్టుకుని, తోక వదిలి, ఎత్తాడు. నా నోటుబుక్కులో ఉన్నట్టే. చచ్చినదాన్ని ఎట్లా పట్టుకున్నా ఒకటే. అయినా సరిగ్గా పట్టుకున్నాడు. ఆ క్షణంలో కూడా నాకు దాని మీదే కుళ్లు పుట్టింది. ఇది ఎవరితోనూ అనలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

లింబాద్రి అన్న మాట

మేళా చూద్దామని లింబాద్రి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు, తిన్నగా అద్దాల పెట్టె దగ్గరికి పోయాడు. మిగిలిన రెండూ మూతులు రాళ్లకు రాసుకుని ఎర్రబడి ఉన్నాయి. పెట్టెలో చెయ్యి పెట్టి అడుగు తడిమాడు. గులకరాయి ఒకటి తీసి చూసి, మళ్లీ లోపల వేశాడు. సారుని ఏమీ అడగలేదు. నా వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పలే?”

“ఆయన ఇసుక సంగతి అడగలేదన్నా.”

లింబాద్రి తడి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

“నువ్వు అడిగితేనే నీకు నేను చెప్పిన్నా?”

అంతే. చచ్చిన రెండింటినీ నల్లా దగ్గర కడిగాడు. పసుపు ఊరికే పోదు, ముళ్ల సందుల్లో పట్టుకుంటుంది. వేలితో రుద్ది రుద్ది కడిగాడు. తడి గోనెలో చుట్టాడు. బతికిన రెండింటిని ఇసుక కుండలోకి మార్చి బస్టాండు వైపు పోయాడు. పోయేముందు, “వస్త సారూ” అన్నాడు.

అన్నేళ్లు తమ్మీ అన్నవాడు. ఆ రోజు నుంచి నన్ను సారూ అనే అన్నాడు. నా నౌకరీలో మెమోలు రెండు వచ్చాయి, అవి ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు. ఈ ‘సారూ’ మాత్రం చెవిలోనే ఉంది.

అట్ట వేసిన నోటుబుక్కు

సారు తర్వాతి వారం ఒక్కడే నందిపేట్ పోయి లింబాద్రిని కలిసి వచ్చాడని తెలిసింది. లింబాద్రి నా సంగతి చెప్పాడో లేదో నాకు తెలియదు. సారు నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇది నా రెండో తప్పు, మొదటిదాని కంటే పొడుగైనది, ఎందుకంటే సారు బదిలీ అయ్యేదాకా సాగింది.

పుస్తకం అచ్చయి వచ్చింది. చివరి పేజీలో కొత్తగా రెండు వాక్యాలు చేర్చాడు. ‘పాపెరను ఉంచే పెట్టెలో జానెడు ఇసుక, బరువు పెట్టిన మూత తప్పనిసరి. ఈ మాట చెప్పినవారు మత్స్యకారుడు లింబాద్రి.’

ఇప్పుడు లింబాద్రి మీద కూడా పుట్టింది నాకు అసూయ. సంతకం కూడా రానివాడి పేరు అచ్చులో ఉంది. డిక్షనరీ బట్టీ పట్టిన నా పేరు లేదు. ఇంటికి పోయి ట్రంకు పెట్టె తెరిచి నోటుబుక్కు తీశాను. ఇదంతా నేనే కనిపెట్టానని సారు ముందు పెట్టి, ఒక్కో పేజీ చూపించి అడగాలనుకున్నాను. ఎక్కడెక్కడ చూపించాలో గీతలు గీద్దామని ఎర్ర పెన్సిల్ కూడా తీసుకున్నాను.

మొదటి పేజీ. ‘పాపెర వెనక్కి జారును. తల వెనుక పట్టవలెను. ఒక స్థానికుడు చెప్పినాడు.’

మూడో పేజీ. ‘ఇసుకలో మూతి గుర్తుపట్టు విధము. స్థానికుని కథనం ప్రకారం.’

ఏడో పేజీ. ‘గుడ్లు వేళ్లకు అంటించును, స్థానికుల కథనం.’

ఆ మాట సారుది కాదు. నాది. పుస్తకం భాషలో రాస్తున్నానన్న దర్పంతో నేను రాసుకున్నదాన్ని అతను నా నోటుబుక్కులోంచి ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాశాడు. ఆ స్థానికుణ్ణి నేననుకుని ఇన్నాళ్లూ మండిపోయాను. ఏడేళ్ల రాతలో లింబాద్రి పేరు ఎక్కడా లేదు. నా అరచేతిని నీళ్లలో ముంచిన మనిషి పేరు రాయాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఆ ఎర్ర పెన్సిల్‌తోనే ప్రతి చోటా ‘స్థానికుడు’ కొట్టేసి లింబాద్రి అని రాశాను. పొద్దు పోయింది. అన్నీ రాశాక చూస్తే, నేనే సొంతంగా చూసినవి రెండు పేజీలకు మించలేదు.

ఆ నోటుబుక్కు పట్టుకుని నందిపేట్ వైపు పోయాను. లింబాద్రి వల అల్లుకుంటున్నాడు. అతని పేరు ఉన్న చోటల్లా చదివి వినిపించాను. రాజవ్వ గడప మీద కూర్చుని విన్నది. “ఏడేండ్లకు యాదికొచ్చిందా నర్సయ్యకు” అంది. లింబాద్రి తల ఎత్తలేదు.

“పేరు నేనేం జేస్కుంట సారూ” అన్నాడు. “ఈసారి ఎవలన్న పెట్టెల పెడితే ఇసుక పోస్తరా? అది చెప్పు.”

“పోస్తరు.”

“ఎవలు చెప్తరు?”

“నేను చెప్త.”

“అడగకున్నా?”

“అడగకున్నా చెప్త అన్నా.”

అతను వల పక్కకు జరిపి నేను కూర్చోవడానికి చోటు చేశాడు. సారూ అనడం మాత్రం మానలేదు.

ఆ ఎమ్మెస్సీ సారు పెద్ద హోదాలో రిటైరయ్యాడని విన్నాను. ఆ వార్త విన్న రోజు అన్నం సహించలేదు, అబద్ధమెందుకు. ఈ ఉద్యోగంలో చేరే పిల్లలకు కుళ్లుకోవద్దని నేను చెప్పలేను, ఆ హక్కు నాకు లేదు. కుళ్లుకోండి. అయితే పెట్టెలో జానెడు ఇసుక పోయండి. మూత పెట్టి, మీద బరువు పెట్టండి. ఈ మాట చెప్పింది లింబాద్రి. మీరెవరూ నన్ను అడగలేదు.